పని మారినప్పుడు చేతులు మళ్లీ ఓనమాలు దిద్దాలి

చిరంజీవులకు ఆశీస్సులు. ఉభయ కుశలోపరి.

“పెద్దయ్యాక ఏమవుతావు?” అని కనబడ్డ ప్రతివాళ్లూ మిమ్మల్ని అడుగుతుంటారు. డాక్టరనో, పైలటనో, అకౌంటెంటనో మీరూ ఒక మాట చెబుతారు. ఆ ప్రశ్న వింటే, ఒకసారి ఏదో ఒకటి అయిపోతే ఇక నేర్చుకోవడం ముగిసినట్టే అనిపిస్తుంది. తలుపు మీద ఉద్యోగం పేరు ఏళ్ల తరబడి అదే ఉంటుంది, లోపల పని మాత్రం మారిపోతూ ఉంటుంది. అప్పుడు పనిలో ఆరితేరినవాళ్లు ఏం చేస్తారు, ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు అన్నది మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు ఆపరేషన్ థియేటర్లోకి వెళ్దాం. కాలేయం కింద పైత్యరసం నిలవ ఉండే చిన్న సంచిని పిత్తాశయం అంటారు. అందులో రాళ్లు చేరితే ఒకప్పుడు పొట్ట మీద పెద్ద కోత పెట్టి దాన్ని తీసేవాళ్లు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ చిన్న రంధ్రం గుండా గొట్టం దింపి ఆ పని చేశాడు. కొన్నేళ్లలోనే కెమెరాతో చేసే పద్ధతి ప్రపంచమంతా పాకింది. అప్పటికే వందల ఆపరేషన్లు చేసి చెయ్యి తిరిగిన సర్జన్లు దాన్ని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

అందులో కష్టం ఎక్కడుందో చూడండి. పరికరం సుమారు అడుగు పొడవుంటుంది. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వెడల్పున్న రంధ్రంలోంచి లోపలికి వెళ్తుంది. రంధ్రం దగ్గర అది తూకపు కాడలా తిరుగుతుంది కాబట్టి చెయ్యి కుడికి జరిపితే లోపల మొన ఎడమకు జరుగుతుంది, చెయ్యి పైకెత్తితే మొన కిందికి దిగుతుంది. కళ్లు చూసేది తెరను. తెర చదునుగా ఉంటుంది కనుక ఏది ముందుందో ఏది వెనకుందో సరిగా తెలియదు. వేళ్లతో తాకి గుర్తుపట్టే వీలు దాదాపు పోతుంది. శరీరం లోపల ఏ గొట్టం ఎక్కడుంటుందో ఆ సర్జన్లకు బాగా తెలుసు, ఆ జ్ఞానం చెక్కుచెదరలేదు. కన్ను, చెయ్యి మాత్రం మళ్లీ మొదటి తరగతికి వచ్చాయి. అందుకే ఆ పద్ధతి వ్యాపించిన తొలి ఏళ్లలో, తెగకూడని పైత్యరస నాళం తెగడమో గాయపడడమో పాత పద్ధతిలో కంటే ఎక్కువగా జరిగింది.

దానికి వాళ్లు వెతికిన మందు రెండు రకాలు. ఒకటి, రోగికి దూరంగా సాధన చేయడం. కెమెరా బిగించిన ఒక పెట్టె, లోపల పన్నెండు చిన్న మేకులున్న పలక, ఆరు రబ్బరు వస్తువులు. అలవాటు లేని చేత్తో ఒక వస్తువును ఎత్తాలి, గాల్లోనే రెండో చేతికి అందించాలి, అవతలి వైపు మేకుకు తొడగాలి. ఆరూ అయ్యాక అన్నిటినీ మళ్లీ వెనక్కి తేవాలి. గడువు 300 సెకన్లు. కెమెరాకు కనబడని చోట వస్తువు పడితే మార్కులు పోతాయి. పెద్ద పెద్ద సర్జన్లు కూర్చుని ఈ ఆట ఆడుతుంటే చూసేవాళ్లకు చిన్నతనంగా అనిపించవచ్చు. నాకు మాత్రం వృత్తి మీద గౌరవం అంటే అదే అనిపిస్తుంది.

రెండోది, కొత్త పరికరానికి తగిన కొత్త తనిఖీ. కత్తిరించే ముందు మూడు విషయాలు కంటితో చూసి తేల్చుకోవాలని 1995లో ఒక పద్ధతి ప్రచురించారు. ఆ చోట కొవ్వు, పొరలు శుభ్రంగా తొలగాలి. పిత్తాశయం కింది భాగం కాలేయం నుంచి విడివడి కనబడాలి. పిత్తాశయంలోకి రెండంటే రెండే గొట్టాలు వెళ్తున్నట్టు తేలాలి. తేలకపోతే కత్తిరించకూడదు, అవసరమైతే పాత పద్ధతిలో పొట్ట తెరవాలి. అంటే పాత విద్య కూడా చేతిలో ఉండి తీరాలి.

ఈ ఒక్క ఉదాహరణలోనే మారే పనికి సంబంధించిన అసలు లెక్క ఉంది. పని మారినప్పుడు అంతా పోయిందనీ అనుకోకూడదు, ఏమీ మారలేదనీ అనుకోకూడదు. ఏది మిగిలింది, ఏది తగ్గింది, ఏది కొత్తగా వచ్చింది అని మూడు కుప్పలు పోసుకోవాలి. ఊహతో పోస్తే కుప్పలు తప్పుతాయి. అందుకని రెండు వారాల పాటు చేసిన ప్రతి పనినీ ఒక్కో వరుసలో రాసుకోవాలి: ఏం చేశాను, ఎంతసేపు పట్టింది, అది ఎవరికి చేరింది, అందులో నేను సొంతంగా తేల్చిన విషయం ఏమిటి. ఆ నాలుగో గడి ముఖ్యం. అది ఖాళీగా ఉన్న పనులు యంత్రానికో మరొకరికో ముందుగా వెళ్లిపోతాయి. నిండుగా ఉన్నవి, పరికరం మారినా మనతోనే వస్తాయి.

‘కంప్యూటర్’ అనేది ఒకప్పుడు మనుషులు చేసే ఉద్యోగం పేరు అని మీకు తెలుసా? విమానాల పరిశోధనకు కావలసిన లెక్కలు చేతితో చేసేవాళ్లను అలా పిలిచేవాళ్లు. అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రంలో డొరొతీ వాన్ 1943లో అలాంటి ఉద్యోగంలోనే చేరింది. 1949 నుంచి ఒక లెక్కల విభాగానికి పెద్దగా ఉంది. తర్వాత ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. 1957లో ఐబీఎం ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసింది. ఆమె ఆ భాష నేర్చుకుంది, తనతో పనిచేసేవాళ్లకూ నేర్పింది. కూడికలు, గుణకారాలు యంత్రానికి పోయాయి. ఏ సమీకరణాన్ని ఏ వరుసలో విడగొట్టాలి, వచ్చిన జవాబు నమ్మేలా ఉందా లేదా అన్న విచక్షణ మాత్రం ఆమె చేతిలోనే ఉంది. నేర్చుకున్నది పక్కవాళ్లకు నేర్పడం వల్ల తనకూ మేలే. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పలేకపోయిన చోటే మనకు సరిగా రాలేదని తెలిసిపోతుంది.

కొత్త పరికరం పాత తప్పులను తీసేసి కొత్త తప్పులను తెస్తుంది. 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చింది. అంతకుముందు కాగితం మీద ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డ మొత్తాలన్నీ చెరిపి మళ్లీ కూడాలి. ప్రోగ్రాంలో ఒక గడి మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారతాయి. కూడికలో పొరపాటు పోయింది. దాని బదులు, ఒక తప్పు సూత్రాన్ని రాసి కింద మూడు వందల వరుసలకు నకలు చేయడం వచ్చింది. చివర ఒక వరుస చేర్చాక అది మొత్తంలోకి రాకుండా మిగిలిపోవడం వచ్చింది. అన్నీ చక్కగా గడుల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. అందుకే అనుభవమున్నవాళ్లు ప్రోగ్రాం చూపే జవాబుకు ముందే రమారమి ఎంత రావాలో కాగితం మీద రాసిపెట్టుకుంటారు. తర్వాత అడ్డం మొత్తాలన్నీ కూడితే వచ్చేదీ, నిలువు మొత్తాలన్నీ కూడితే వచ్చేదీ ఒకటేనా అని చూస్తారు. ఆ పద్ధతి కాగితపు రోజుల నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది.

ఇప్పుడు వ్యాసాలు, నివేదికలు రాసిపెట్టే కృత్రిమ మేధ విషయంలోనూ ఇంతే. అది ఒప్పు రాసినా తప్పు రాసినా ఒకే ధోరణిలో, ఒకే ధీమాతో రాస్తుంది. పేర్లు, తేదీలు, లెక్కలు, “ఫలానా వారు అన్నారు” అనే మాటలు, ఈ నాలుగింటినీ విడిగా అసలు చోట సరిచూడాలి. మొదటి పది పనులనూ పూర్తిగా చేత్తో సరిచూసి, ఏ రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుంటే, పదకొండో దాంట్లో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఆ పది సరిచూడటానికి బద్ధకించినవాళ్లు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు.

పరికరం మారకుండా స్థానం మారడం అన్నిటికంటే కష్టం. మంచి నర్సును హెడ్ నర్సును చేస్తారు, మంచి ప్రోగ్రామర్‌ను ఐదుగురికి పెద్దను చేస్తారు. నిన్నటిదాకా తన చేత్తో చేసిన పనికి మెప్పు వచ్చింది. ఇవాళ్టి నుంచి ఇతరుల చేత బాగా చేయించినందుకు రావాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కింది వాళ్ల పని నచ్చక రాత్రిళ్లు కూర్చుని తామే తిరగరాస్తారు. కొన్నాళ్లకు వీళ్లు అలిసిపోతారు, కింది వాళ్లు నేర్చుకోవడం మానేస్తారు.

పని అప్పగించడానికీ ఒక పద్ధతుంది. పూర్తయ్యాక అది ఎలా ఉండాలో చెప్పాలి, వీలైతే ఒక నమూనా చూపాలి. ఎప్పటికి కావాలో చెప్పాలి. ఏ విషయాలు వాళ్లే తేల్చుకోవచ్చో, ఏవి అడిగి చేయాలో విడదీయాలి. “అర్థమైందా?” అని అడిగితే ఎవరైనా తలూపుతారు, అందుకని “మొదట ఏం చేస్తావో చెప్పు” అని అడగాలి. పనిలో అయిదో వంతు అయ్యాక ఒకసారి చూడాలి. చివర్లో చూస్తే దారి తప్పిన పనంతా వృథా. గంటగంటకూ చూస్తే వాళ్లు ఆలోచించడం మానేసి మన ముఖం చూస్తూ కూర్చుంటారు. నెల తర్వాత డైరీ తీసి లెక్కపెడితే, వారంలో సగానికి పైగా పాత పనిలోనే గడిచిందని తేలిందా, మారింది హోదా ఒక్కటే.

పాత్ర మారిన మొదటి వారంలోనే పైవాళ్లను కొన్ని సూటి ప్రశ్నలు అడగాలి. మూడు నెలల తర్వాత ఏం చూసి ఈ పని బాగా జరుగుతోందని మీరు అంటారు? నా పాత పనుల్లో ఏవి ఆగిపోతాయి, వాటిని ఎవరు తీసుకుంటారు? ఎంతవరకు నేను నిర్ణయించవచ్చు? విన్న జవాబులను అదే రోజు అయిదారు వాక్యాల్లో రాసి వాళ్లకే పంపాలి. ఇవన్నీ అడిగేవాళ్లు కూడా రెండో ప్రశ్న దగ్గర మొహమాటపడతారు. కొత్త పని ఎవరూ చెప్పకుండానే వచ్చి నెత్తిన కూర్చుంటుంది, పాత పని మాత్రం అడిగితే తప్ప దిగదు. పని నచ్చకపోవడం కంటే, దిగని ఆ పాత బరువే మనుషులను కుంగదీస్తుంది.

ఇక నేర్చుకునే తీరు. శనివారం ఒక్కసారే రెండు గంటలు కూర్చోవడం కంటే, వారంలో నాలుగు రోజులు అరగంట చొప్పున కూర్చుంటే బాగా నిలుస్తుంది. మరపు గురించి ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తాను చేసుకున్న పరీక్షలను 1885లో ప్రచురించాడు. విడివిడిగా చదివినది ఎక్కువగా గుర్తుంటుందని అప్పటి నుంచీ తెలుసు. వీడియో చూస్తున్నంతసేపూ వచ్చేసినట్టే ఉంటుంది. దాన్ని మూసేసి ఖాళీ తెర ముందు కూర్చుంటేనే అసలు సంగతి బయటపడుతుంది. నేర్చుకున్నదాన్ని అదే వారంలో, తప్పు జరిగినా నష్టం లేని ఒక చిన్న పనిలో వాడాలి. మొదటి వారాల్లో పాత పద్ధతి కంటే నెమ్మదిగానే సాగుతుంది, ఆ సంగతి పైవాళ్లకు ముందే చెప్పాలి. గడువు దగ్గరపడ్డ వారంలో కొత్త పరికరం మొదలుపెట్టకూడదు. కంగారులో చెయ్యి పాతదాని మీదికే పోతుంది, కొత్తది పనికిరాదన్న ముద్ర పడిపోతుంది.

ఒక నెల పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పక్కపక్కన నడిపి ఫలితాలు పోల్చడం మంచిదే. కానీ పాతది ఫలానా తేదీన ఆపేస్తామని ముందే రాసుకోవాలి. తేదీ లేకపోతే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే, రెట్టింపు చాకిరీ ఏడాదైనా తెగదు.

అయితే ఆపడం వేరు, మరిచిపోవడం వేరు. 1989లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 747-400 విమానంలో, ఇంజిన్లను, ఇంధనాన్ని కనిపెట్టుకుని ఉండే ఫ్లైట్ ఇంజినీర్‌కు సీటు లేదు. అంతకుముందు ముగ్గురు పంచుకున్న పని ఇద్దరు పైలట్లకు, కంప్యూటర్లకు వచ్చింది. విమానాన్ని చాలాసేపు ఆటోపైలటే నడుపుతుంది కాబట్టి చేత్తో నడిపే నేర్పు తుప్పు పడుతుందన్న ఆందోళన మొదలైంది. 2013 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, అనువైన సమయాల్లో పైలట్లు చేత్తో విమానం నడిపేలా ప్రోత్సహించమని విమాన సంస్థలకు సూచించింది. రోజూ అవసరం లేకపోయినా అవసరమైన రోజున చప్పున రావలసిన విద్యలకు ఇలా వేళ కేటాయించి సానపెట్టాలి.

ఒక మాట దాచకుండా చెబుతాను. కొన్ని పనులు నిజంగానే పోతాయి. ఫ్లైట్ ఇంజినీర్లలో కొందరు పైలట్ శిక్షణకు వెళ్లారు, అందరికీ అది కుదిరేది కాదు. అది వాళ్ల చేతగానితనం కాదు. రోజంతా పని చేయించుకుని, కొత్తది రాత్రి ఇంటి దగ్గర నేర్చుకో అనడం అన్యాయం. నేర్చుకోమన్నవాళ్లు పనిగంటల్లోనే వేళ ఇవ్వాలి. రేపు మీరు నలుగురికి పెద్దలైతే, ఆ వేళ ఇవ్వవలసింది మీరే.

ఆ పెట్టె సాధన మీరూ చేసి చూడవచ్చు. మూతలేని అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, తెరిచిన వైపు మీ వైపుకు తిప్పండి. ఇప్పుడు పైన ఉన్న అట్టకు రెండు చిన్న కన్నాలు చేసి, రెండు పొడవాటి పుల్లలు దింపండి. తెరిచిన వైపు నుంచి వెనక కెమెరాకు లోపల కనబడేలా, తెర మీ వైపు ఉండేలా ఒక ఫోను నిలబెట్టండి. పెట్టెలో ఆరు రబ్బరు బ్యాండ్లు ఒక వైపు ఉంచండి. పెట్టెలోకి చూడకుండా, ఫోను తెరను మాత్రమే చూస్తూ, ఒక పుల్లతో ఎత్తి రెండో పుల్లకు అందించి అవతలి వైపు చేర్చండి. రోజుకు పది నిమిషాలు, పది రోజులు. మొదటి రోజు ఎన్ని సెకన్లు పట్టింది, పదో రోజు ఎన్ని పట్టింది, ఎన్నిసార్లు కింద పడ్డాయి అన్నీ రాసి నాకు పంపండి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో
మీ తాతయ్య