మూడు మిల్లీమీటర్ల కోత

చిరంజీవులు అమ్ములుకీ, చింటూకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అమ్ములు నిలదీసింది కదా, "పెట్టె మీద అంత మంచి ఎర్ర కారు బొమ్మ ఉంటే, నువ్వేంటి తాతయ్యా, దాని టాపు కోసేసి, బురద రంగు పూశావు?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఫోన్లో చెబితే తెమిలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

అది ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునే 1932 నాటి ఫోర్డు కారు నమూనా. మామూలు జనం కొనగలిగే ధరలో వీ-8 ఇంజన్ (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండేది) పెట్టి ఫోర్డు ఆ ఏడాదే అమ్మింది. బలం 65 హార్స్‌పవర్. మీ నాన్న కారుకి అంతకంటే ఎక్కువే ఉంటుంది గానీ, ఆ రోజులకి అది గొప్పే. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాతబడిన ఫోర్డులు కొనుక్కొచ్చి (కారుచౌక అనే మాట వీళ్ళ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు) మడ్‌గార్డులు పీకేసి, బానెట్ తీసేసి, బరువు తగ్గించి, ఇంజన్‌కి పదును పెట్టి, మొహావీ ఎడారిలో ఎండిపోయిన మ్యూరాక్ అనే సరస్సు మీద పరుగెత్తించేవారు. నేల బల్లపరుపు, అడ్డొచ్చే చెట్టు లేదు. గాలి తగలడం తగ్గుతుందని టాపు కోసి కిందికి దించేవారు. అలాంటి బండ్లకే హాట్ రాడ్ అని పేరు. ఈ పందేలకు లెక్కా పత్రం ఉండాలని 1937లో సంఘం కూడా పెట్టుకున్నారు.

మీరు హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూశారుగా, బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు? ఆ మ్యూజియం పెట్టిన సుధాకర్ గారి సరదా వేరు, వీళ్ళ సరదా వేరు. వీళ్ళు చేసిన ప్రతి మార్పుకీ వెనక వేగం అనే లెక్క ఉండేది. అందం తరవాత వచ్చి చేరింది.

బొమ్మల కథ దీని వెనకే వచ్చింది. ఏఎంటీ అనే అమెరికా కంపెనీ 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు తెచ్చింది: షోరూంలో ఉన్నట్టు, ముస్తాబు చేసినట్టు, రేసుకు దిగినట్టు. ఒక రకం కట్టాక బోలెడు విడిభాగాలు మిగిలిపోతాయి. వాటిని పారేసే పిల్లవాడెవడు? ఒక కిట్ ఇంజను ఇంకో కిట్‌లోకి, దీని చక్రాలు దానికి. నా బిస్కట్ డబ్బా ఇప్పుడు అలాంటి ముక్కలతోనే నిండి ఉంది. మీ అమ్మమ్మ అందులో బిస్కట్లు వెతికి రెండుసార్లు మోసపోయింది.

ఇక కోత. ఈ నమూనా అసలు కారులో ఇరవై అయిదో వంతు. అసలు కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 106 అంగుళాలు, అంటే మన బొమ్మలో దాదాపు 108 మిల్లీమీటర్లు. అక్కడ టాపు మూడంగుళాలు దించితే ఇక్కడ మూడు మిల్లీమీటర్లు. అంతే! ఆ మూడు మిల్లీమీటర్ల కోసం నేను నాలుగు రోజులు కూర్చున్నాను. కిటికీ స్తంభాల మీద టేపు అంటించి, రెండు గీతలు గీసి, సన్నరంపంతో ఆ మధ్య ముక్క తీసేయాలి. 1932 ఫోర్డుకి స్తంభాలు ఇంచుమించు నిలువుగా ఉంటాయి కాబట్టి పై ముక్క కింది ముక్క మీద సరిగ్గానే కూర్చుంటుంది. అదే 1949 నాటి మెర్క్యురీ అనే కారు అయితే స్తంభాలు బాగా వాలి ఉంటాయి. టాపు దించగానే పైవి కిందివాటికి అందవు. అప్పుడు టాపునే అడ్డంగా కోసి మధ్యలో ప్లాస్టిక్ పట్టీ అతకాలి. ఆ పని ఇంకా నాకు ధైర్యం చాలలేదు. టాపు దిగాక కిట్‌లో ఇచ్చిన అద్దాలు పట్టవు. కొత్త చొక్కా కాలరు కింద పెడతారే పారదర్శకమైన ప్లాస్టిక్, దాన్ని కత్తిరించి పెట్టాను.

కిట్ ముక్కల ప్లాస్టిక్ పేరు పాలిస్టైరిన్. దీనికి వాడే జిగురు నిజానికి జిగురు కాదు. రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది, మన షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ లాగే. అద్దాలకి మాత్రం అదీ వద్దు, సూపర్ గ్లూ అంతకన్నా వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ చాలు. కోత దగ్గర లప్పం పెట్టి, నీళ్ళలో తడిపిన ఎమరీ పేపరుతో రుద్దాలి. బ్లేడు పని, స్ప్రే పని అమ్మ లేకుండా మొదలుపెట్టకండి. స్ప్రే చేసేటప్పుడు కిటికీలు తెరవాలి, మాస్కు ఉండాలి.

నేను ముప్పై ఏళ్ళు టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపినవాణ్ణి. బొమ్మకి రంగు వేయడం నాకో లెక్కా అనుకున్నాను. మొదటి బొమ్మకి షెడ్డు అలవాటు కొద్దీ దట్టంగా కొట్టాను. పొర మందం మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా, ఇరవై అయిదు రెట్లు చేసి చూడండి: అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పెయింటు! తలుపు గీతలన్నీ పూడిపోయాయి. రెండో బొమ్మకి పలచగా, పొర మీద పొర వేశాను. అదేమో ఆగస్టు నెల, కాకినాడ ముసురు. లక్కర్ పెయింటులోని ద్రావకం చటుక్కున ఆవిరై పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పట్టుకుంటుంది. నల్ల కారు సున్నం కొట్టినట్టు తేలింది. వానలో స్ప్రే గన్ ముట్టుకోవద్దని షెడ్డులో కుర్రాళ్ళని తిట్టినవాణ్ణి నేనే!

అమ్ములు అన్న బురద రంగు మనం ఎర్రాక్సైడ్ అనే ప్రైమరు రంగు, అంటే పై రంగుకి ముందు వేసే తొలి పూత. ఆ కాలిఫోర్నియా కుర్రాళ్ళలో చాలామంది బండ్లు ప్రైమరుతోనే తిరిగేవి. ఇంకా ఏదో ఒకటి కోయాల్సి ఉండేది, పై రంగుకి డబ్బులు ఉండేవి కావు. అందుకే అలాగే వదిలేశాను. కొంత బద్ధకం కూడా ఉందిలే.

ఇప్పుడు ఇంజన్‌కి ప్లగ్గు వైర్లు పెడుతున్నాను. అసలు వైరు ఏడు మిల్లీమీటర్ల లావు. మనకి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండకూడదు. పాడైన ఇయర్‌ఫోన్ తీగ విప్పితే లోపల సరిపోయేవి దొరికాయి. ప్లగ్గులకి ఎనిమిది, కాయిల్‌కి ఒకటి. మొత్తం తొమ్మిదిలో అయిదు పట్టించాను, ఆరోది రెండుసార్లు జారిపోయింది. చింటూ, నీ వేళ్ళు సన్నం. దసరాకి వచ్చేటప్పుడు మీ అమ్మ కనుబొమలకి వాడే పట్టకారు అడిగి తీసుకురా. మిగతా నాలుగూ నీకే ఉంచుతాను.

ఇట్లు,
తాతయ్య