మెదడు స్కాన్‌లో తెల్ల మరకలు: చెరిగేవి, చెరగనివి

బీపీ ఒక్కసారిగా విపరీతంగా పెరిగితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, ఆపై ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఎం.ఆర్.ఐ. తీస్తే మెదడు వెనక భాగంలో రెండు వైపులా తెల్లటి మరకలు కనిపిస్తాయి. చూడగానే ఇంటివాళ్ల గుండె జారిపోతుంది. బీపీ అదుపులోకి వచ్చాక, కొన్ని వారాలకు మళ్లీ స్కాన్ తీస్తే మాత్రం చాలామందిలో ఆ మరకలు ఉండవు.

ఈ జబ్బుకు 'హైపర్‌టెన్సివ్ ఎన్‌సెఫలోపతి' అన్న పేరు 1928లో వచ్చింది. పెట్టినవారు ఓపెన్‌హైమర్, ఫిష్‌బర్గ్ అనే వైద్యులు. అప్పట్లో బతికున్న మనిషి మెదడును చూసే దారి లేదు. పోస్టుమార్టంలో దొరికేది కోలుకోనివారి మెదడే. కోలుకున్నవారి మెదడులో ఏం జరిగిందో ఎవరికీ కనబడలేదు. రక్తనాళాలు బిగుసుకుపోయి రక్తం అందకపోవడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1954లో బైరమ్ అనే పరిశోధకుడు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు కూడా ఆ వాదానికే బలమిచ్చాయి.

1970లలో ఆలోచన మారింది. సగటు రక్తపోటు (పై బీపీ, కింది బీపీ కలిపి లెక్కించేది) సుమారు 60 నుంచి 150 మధ్య ఎంత మారినా, మెదడు తన నాళాలను సన్నం చేసుకుంటూ, వెడల్పు చేసుకుంటూ రక్తప్రవాహాన్ని నిలకడగా ఉంచుకుంటుంది. ఒత్తిడి ఆ పైగీత దాటితే నాళాలు తట్టుకోలేక సాగిపోతాయి, నీరు బయటికి కారి వాపు వస్తుంది. వెనక భాగంలోని నాళాలకు కాపుగా ఉండే సానుభూతి నాడులు (నాళాలను బిగించే 'సింపథెటిక్' నరాలు) తక్కువ కాబట్టి అక్కడే ముందు కారుతుందని ఎక్కువమంది చెప్పే వివరణ. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో ఈ గీతలు రెండూ పైకి జరిగి ఉంటాయి. అందుకే ఇలాంటి రోగికి బీపీని ఒక్కసారిగా మామూలుకు దించరు. మొదటి గంటలో పాతిక శాతానికి మించి తగ్గిస్తే మెదడుకు రక్తం చాలకపోవచ్చు.

1971లో సీటీ స్కాన్, తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చాక బతికున్నవారి మెదడు కనబడింది. 1996లో హించీ అనే వైద్య పరిశోధకురాలు, సహచరులు 15 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అందులో బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారితో పాటు గర్భవాతం (గర్భిణుల్లో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బు) వచ్చిన స్త్రీలు, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారూ ఉన్నారు. ఆ స్థితినే ఇప్పుడు ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలతో 'ప్రెస్' (PRES) అంటున్నారు. వెనక భాగంలో వచ్చి, తిరిగి సర్దుకునేది అని ఆ పేరుకు అర్థం. నాకైతే ఈ పేరు కాస్త ప్రమాదకరం అనిపిస్తుంది. వాపు ముందు భాగంలోనూ రావచ్చు, చికిత్స ఆలస్యమైతే సర్దుకోకుండా మిగిలిపోవచ్చు, రక్తస్రావమూ కావచ్చు. కారిన నీరా, చచ్చిపోతున్న కణాలా అన్నది డిఫ్యూజన్ స్కాన్‌లో (కణజాలంలో నీటి కదలికను చూపే ఒక రకం ఎం.ఆర్.ఐ.) చాలావరకు తెలుస్తుంది.

చెరగని మరకల కథ వేరు. ఏళ్లపాటు బీపీ ఉంటే సన్నని నాళాలు గట్టిపడతాయి. మెదడు లోపలి తెల్ల పదార్థంలో మచ్చలు, చిన్న చిన్న గుంటలు, సూదిమొనంత రక్తపు చుక్కలు మిగిలిపోతాయి. ఫిట్స్ రావు, చూపు పోదు. నడక నెమ్మదిస్తుంది, జ్ఞాపకం జారుతుంది, అది వయసు వల్లేనని సరిపెట్టుకుంటారు. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో, పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవారిలో నాలుగేళ్లకు ఈ మచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగాయి. 140 లోపు చాలనుకున్నవారిలో 1.45 పెరిగాయి.