నోరు కట్టుకుంటే సరిపోతుందా? బరువు మీద అపోహలు - వాస్తవాలు

మా ఓపీలో వెయింగ్ మెషీన్ ఎక్కేముందు చెప్పులు విప్పి, వాచీ తీసి, సెల్‌ఫోన్ కూడా పక్కన పెట్టేవాళ్లు రోజూ కనిపిస్తారు. మొన్న ఒకావిడ మెషీన్ దిగుతూనే "నోరు కట్టుకోలేకపోతున్నాను డాక్టర్, అంతే" అన్నారు. పక్కనున్న భర్త తలూపారు. సన్నటి మనిషి. బీపీ పెరిగినందుకు ఎవరూ ఇలా తప్పు చేసినట్టు తలొంచుకోరు. బరువు దగ్గరే ఈ అవస్థ.

అపోహ: లావెక్కడమంటే తిండి మీద అదుపు లేకపోవడమే.

తినకుండా ఎవరూ లావెక్కరు, నిజమే. కానీ ఎంత తిన్నాక "చాలు" అనిపిస్తుందో మనం తేల్చుకునేది కాదు. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనిపెట్టింది. లెప్టిన్‌ని కొవ్వు కణాలే తయారుచేస్తాయి. నిల్వలు ఉన్నాయని మెదడుకి కబురు పంపే హార్మోన్ ఇది. మూడేళ్లకి, పుట్టుకతోనే ఇది లేని ఇద్దరు పిల్లల్ని కేంబ్రిడ్జ్ డాక్టర్లు గుర్తించారు. ఎంత పెట్టినా వాళ్ల ఆకలి తీరేది కాదు. తర్వాత ఇంజెక్షన్‌గా లెప్టిన్ ఇస్తే ఆకలీ తగ్గింది, బరువూ తగ్గింది. మరి అందరికీ అదే ఇవ్వొచ్చుగా అంటారా? మామూలు ఊబకాయంలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది. మెదడే దాని మాట వినడం మానేస్తుంది.

అపోహ: ఒక్కసారి తగ్గితే చాలు, ఇక గండం గడిచినట్టే.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆ వివరాలు 2016లో వచ్చాయి. తగ్గిన బరువులో చాలావరకు తిరిగి వచ్చేసింది. అంతకన్నా కలవరపెట్టేది ఇంకోటి ఉంది. వాళ్ల సైజు మనిషి ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే కేలరీల కన్నా వాళ్లకి రోజుకి 500 దాకా తక్కువ ఖర్చవుతున్నాయి. అంటే దాదాపు ఒక పూట టిఫిన్. శరీరం ఆరేళ్లయినా పొదుపు మానలేదు.

స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థ 2008లో ఇంకో సంగతి బయటపెట్టింది. పాత అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో పెరిగిన కార్బన్-14 ఆధారంగా కొవ్వు కణాల వయసు లెక్కకట్టారు. ఏటా 10 శాతం కణాలు చచ్చిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. బాగా బరువు తగ్గినవాళ్లలో కూడా వాటి సంఖ్య తగ్గలేదు. సంచులు ఖాళీ అవుతాయి గానీ ఎక్కడికీ పోవు.

అపోహ: ముప్పై దాటితే మెటబాలిజం (శరీరం కేలరీలు ఖర్చుచేసే వేగం) పడిపోతుంది.

29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలిచి 2021లో ప్రచురించిన లెక్కల ప్రకారం, శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా అది దాదాపు ఒకేలా ఉంటుంది. ముప్పైల్లో మారేవి కుర్చీ, కారు, నిద్ర.

అపోహ: నాకు థైరాయిడ్ ఉంది, అందుకే ఈ 25 కిలోలు.

థైరాయిడ్ తక్కువైతే సాధారణంగా పెరిగేది రెండు నుంచి నాలుగు కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే.

అపోహ: బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు నాలుగు నెలలు వాడి ఆపేస్తే సరి.

ఆవిడ అడిగింది కూడా ఇదే. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎవరో వాడుతున్నారట. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపిన ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. వాంతులు, మలబద్ధకం ఉండొచ్చు, కొవ్వుతో పాటు కండ కూడా కొంత కరుగుతుంది. కాబట్టి పప్పు, గుడ్డు, బరువులెత్తే వ్యాయామం ఉండాల్సిందే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు మాత్రం కాదు.

అపోహ: నేను సన్నమేగా, నాకేం?

ఇది ఆవిడ భర్త మాట. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎమ్ఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2. మన వాళ్లకి కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ. అందుకే మనకి బీఎమ్ఐ 23 దాటగానే అధిక బరువు కింద లెక్క. నడుం మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

"నా నడుం 34 అండీ" అన్నారాయన. అది ప్యాంటు సైజు. బెల్టు పొట్ట కిందుగా పోతోంది. బొడ్డు మీదుగా టేపు పెడితే 98 సెంటీమీటర్లు వచ్చింది. రెండుసార్లు కొలిపించుకున్నారు. ఆవిడ ఈసారి ఏమీ అనలేదు. ఇద్దరికీ షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు రాసిచ్చాను. రెండు చీటీలూ ఆవిడే మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.