తల ఖాళీగా ఉన్నప్పటి నడకనే కొలిచారు

డాక్టరు గది బయట వరండాలో నడిచి చూపించమంటే, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది ఫరవాలేదనిపించేలా నడుస్తారు. అదే మనిషి ఫోన్ మాట్లాడుతూనో, కూరలవాడికి ఇవ్వాల్సిన చిల్లర లెక్కేసుకుంటూనో నడిస్తే అడుగు చిన్నదవుతుంది, కాలు తడబడుతుంది. ఈ తేడాను కొలవాలని వైద్యులకు తట్టడానికి వందేళ్లు దాటింది.

నిజానికి మొదటి ఆనవాలు మొదట్లోనే దొరికింది. 1868లో పారిస్‌లోని సల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఈ జబ్బును విడమరచి చెప్పిన జాన్ మార్టిన్ షార్కో, వణుకుతో పాటు జ్ఞాపకశక్తి తగ్గడాన్ని, ఆలోచన మందగించడాన్ని కూడా గమనించారు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. 1983లో జాన్ కర్ట్‌జ్కీ ఇచ్చిన, ఈ జబ్బు తెచ్చే వైకల్యాన్ని అంచనా వేసే ఈడీఎస్ఎస్ కొలతే ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో 0 నుంచి 10 వరకు మెట్లుంటాయి. 4 దగ్గర్నుంచి ఎంత దూరం నడవగలరు, చేతికర్ర కావాలా అన్నవే ముఖ్యం. అది పనికిరాని కొలత కాదు. కానీ ఆ పరీక్షలో మనిషికి నడక తప్ప వేరే ధ్యాస ఉండదు. ఇంట్లో, బజారులో అలా నడిచేది ఎంతసేపు?

1991లో అమెరికాలో స్టీఫెన్ రావ్ బృందం 100 మంది ఎంఎస్ రోగులను పరీక్షిస్తే, 43 శాతం మందిలో ఆలోచనాశక్తి దెబ్బతిన్నట్టు తేలింది. ఆ తర్వాత దారి చూపింది మాత్రం వృద్ధుల వైద్యం. 1997లో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న సంగతి చూశారు: నడుస్తున్న పెద్దవాళ్లను పలకరిస్తే కొందరు ఆగిపోయి జవాబిస్తున్నారు. 58 మందిలో అలా ఆగినవాళ్లు 12 మంది. ఆరు నెలల్లో వాళ్లలో 10 మంది పడిపోయారు. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, ఒక్క పలకరింపుతో దొరికిన సంగతి ఇది.

2009లో గ్లాస్గో పరిశోధకులు ఎంఎస్ ఉన్న 18 మందిని అంకెలు గుర్తుపెట్టుకుంటూ నడవమన్నారు. జబ్బు లేనివాళ్లకంటే వీళ్ల వేగం ఎక్కువగా తగ్గింది. ఎంఎస్‌లో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటే నరాల్లో కబురు నెమ్మదిగా సాగుతుంది. అలవాటుగా సాగాల్సిన నడకకు కూడా మనసు పెట్టాల్సి వస్తుంది. ఆ మనసే లెక్క కూడా చేయాలి.

ఆరోగ్యవంతులూ కొంత నెమ్మదిస్తారు కాబట్టి, ఇందులో జబ్బు వాటా ఎంతన్న వాదన ఇంకా నడుస్తోంది. ఈ పరీక్ష మాత్రం చాలా సులువు. 100 నుంచి ఏడేసి తీసేస్తూ నడవమంటారు. సెకనుకు మీటరు నడిచే మనిషి 80 సెంటీమీటర్లకు తగ్గితే 20 శాతం నష్టమని రాసుకుంటారు. "ఇంట్లో తూలుతున్నాను డాక్టరుగారూ" అని చెప్పిన మనిషి మాటకు చివరికి ఒక అంకె దొరికింది.