వెనుక గురి కంటిలోనే: పోటీలకు సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఎంపిక

రైఫిల్‌కు రెండు గురి గుర్తులుంటాయి. ముందొకటి, వెనకొకటి. రెండూ ఇనుములోనే ఉంటాయి కాబట్టి ఎవరు పట్టుకున్నా వాటి మధ్య లెక్క మారదు. షాట్‌గన్‌లో గొట్టం చివర చిన్న పూస ఒక్కటే ఉంటుంది. వెనుక గుర్తు ఉండాల్సిన చోట షూటర్ కన్ను ఉంటుంది. బుగ్గ స్టాక్ (భుజానికి ఆనే వెనుక భాగం) మీద ఎక్కడ ఆనితే కన్ను అక్కడ నిలుస్తుంది, తుపాకీ అటే కాలుస్తుంది. పోటీల కోసం షాట్‌గన్ కొనేవారిలో చాలామంది కంపెనీ పేరు, ధర, చోక్‌ల (గొట్టం కొనను ఇరుకు చేసి గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే అమరికల) సంఖ్య అడుగుతారు. ముందుగా అడగాల్సింది ఈ కొలత గురించి.

గురి పెట్టేది తారు, సున్నపురాయి పొడి కలిపి పోసిన పళ్లెం మీద. వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 105 గ్రాములు. ట్రాప్ అనే పోటీలో అది షూటర్‌కు దూరంగా ఎగిరిపోతుంది, స్కీట్ అనే పోటీలో అడ్డంగా దాటుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచాక ఈ ఆట గురించి మనవాళ్లకు కాస్త తెలిసింది.

ఒలింపిక్ స్థాయిలో దాదాపు అందరి చేతిలోనూ ఒకదానిపై ఒకటి రెండు గొట్టాలున్న తుపాకీ కనిపిస్తుంది. ఒకే గొట్టంతో, పేలిన వెంటనే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌ను నిబంధనలు కాదనవు. కానీ ట్రాప్‌లో మొదటిది తప్పి రెండో తూటా పేలే సరికి పళ్లెం మరింత దూరం వెళ్లి ఉంటుంది. రెండు గొట్టాలుంటే రెండో దానికి బిగువైన చోక్ పెట్టుకోవచ్చు. ఒకే గొట్టంతో ఆ వెసులుబాటు లేదు. అమెరికన్ స్కీట్‌లో, పళ్లేలు రకరకాల కోణాల్లో ఎగిరే స్పోర్టింగ్ క్లేస్ పోటీల్లో మాత్రం సెమీ ఆటోమేటిక్ దశాబ్దాలుగా నిలదొక్కుకుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మేలైన తుపాకీ అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకు కారణం తన్ను, అంటే పేలగానే తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దే దెబ్బ.

24 గ్రాముల సీసపు గుళ్లు సెకనుకు 400 మీటర్ల వేగంతో ముందుకు దూసుకెళ్తాయి. వాటి వెనకున్న ప్లాస్టిక్ వాడ్‌ను (గుళ్లను మందు నుంచి వేరుచేసే కప్పును), మండిన మందు వాయువును కూడా కలుపుకుంటే, మూడున్నర కిలోల తుపాకీ సెకనుకు మూడు మీటర్లకు పైగా వేగంతో వెనక్కి రావాలి. న్యూటన్ మూడో సూత్రానికి మినహాయింపు లేదు. మందు వాయువుతోనే తూటా మార్చుకునే సెమీ ఆటోమేటిక్ గురించి ‘గ్యాస్ తుపాకీ తన్నును మింగేస్తుంది’ అన్న మాట తరచూ వినబడుతుంది. భౌతికశాస్త్రం దీనికి ఒప్పుకోదు. మొత్తం ద్రవ్యవేగం అంతే ఉంటుంది, అది భుజానికి అందే వ్యవధి మాత్రం పెరుగుతుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు చేతులను వెనక్కి లాగినట్టే ఇదీను. బంతి వేగం అదే, అరచేతి మీద బలం తక్కువ. పోటీ రోజున వందకు పైగా తూటాలు కాల్చేవారికి ఈ తేడా చిన్నది కాదు. తన్నుకు భయపడ్డ శరీరం ట్రిగ్గర్ నొక్కే ముందే భుజాన్ని బిగిస్తుంది, కన్ను మూస్తుంది. ఒకసారి పట్టుకున్న ఆ అలవాటును వదిలించుకోవడం చాలా కష్టం.

సెమీ ఆటోమేటిక్ పనిచేసే తీరు ప్రధానంగా రెండు రకాలు. గ్యాస్ పద్ధతిలో గొట్టానికి ఉన్న సన్నని రంధ్రాల గుండా కొంత వాయువు మళ్లి పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ తూటా వెనుక మూసి ఉండే బోల్టును వెనక్కి తోస్తుంది, ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 ఈ పద్ధతికి పేరు తెచ్చింది. బెనెల్లీ తుపాకుల జడత్వ పద్ధతిలో వాయువుతో పని లేదు. పేలగానే తుపాకీ అంతా వెనక్కి కదులుతుంది, లోపలి బరువైన బోల్టు మాత్రం ఉన్నచోటే ఉండజూస్తుంది. వాటి మధ్య పొట్టి స్ప్రింగు నలిగి, మరుక్షణమే బోల్టును వెనక్కి విసురుతుంది. దీనికి మసి తక్కువ, బరువు తక్కువ. అయితే తేలికైన తుపాకీ ఎక్కువ తన్నుతుంది. ఊగకుండా ఉండాలని దానికి అదనపు బరువులు తగిలిస్తే తుపాకీ తగినంత కదలక, తర్వాతి తూటా ఎక్కకపోవచ్చు. మైదానానికి గ్యాస్ తుపాకీయే నా ఓటు. పిస్టన్ మసి తుడిచే ఓపిక మాత్రం ఉండాలి. ఏది కొన్నా, పోటీలో వాడబోయే 24 గ్రాముల తూటాలతో ఆగకుండా పనిచేస్తోందో లేదో ముందే కాల్చి చూడాలి. బరువైన వేట తూటాలకు తగ్గట్టు చేసిన తుపాకులు తేలిక తూటాల దగ్గర మొరాయిస్తాయి.

ఇక అసలు విషయం, కొలత. ముందు ఏ కన్ను ప్రధానమో తెలుసుకోవాలి. చేయి చాచి బొటనవేలిని దూరపు గుర్తు మీద పెట్టి, ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు కదలదో అదే ప్రధానం. కుడి భుజంతో కాల్చే మనిషికి ఎడమ కన్ను ప్రధానమైతే ఏ తుపాకీ కొన్నా మొదట పరిష్కరించాల్సిన సమస్య అదే.

తర్వాతిది తొమ్మిదో తరగతి జ్యామితి. కంటి నుంచి గొట్టం చివరకు సుమారు 90 సెంటీమీటర్లు. 14.6 మీటర్లు, అంటే 16 గజాల దూరం దానికి పదహారు రెట్లు. సరూప త్రిభుజాల లెక్కన కన్ను ఒక మిల్లీమీటరు పైకి జరిగితే అక్కడ గుళ్ల కేంద్రం 16 మిల్లీమీటర్లు పైకి పోతుంది. 36.6 మీటర్ల దగ్గర ఆ తేడా 40 మిల్లీమీటర్లు. అంటే బుగ్గ కింద మూడు మిల్లీమీటర్ల పొరపాటు అక్కడ పళ్లెం వెడల్పును మించిపోతుంది. అందుకే నేటి సెమీ ఆటోమేటిక్‌లతో పాటు ఒక చిన్న సంచీలో పలుచని ప్లాస్టిక్ షిమ్‌లు ఇస్తారు. స్టాక్‌కూ లోహపు భాగానికీ నడుమ వాటిని మార్చి, స్టాక్‌ను పైకీ కిందికీ పక్కలకూ జరపవచ్చు. చాలామంది ఆ సంచీని విప్పనైనా విప్పరు. తుపాకీలో అంతకు మించి విలువైన భాగం లేదని నా అభిప్రాయం.

షిమ్ ఎంత మార్చాలో కాగితం చెబుతుంది. రేంజ్‌లో, శిక్షకుడి సమక్షంలో, కళ్లకూ చెవులకూ రక్షణ పెట్టుకుని, మీటరు వెడల్పున్న కాగితం మధ్య అరచేయంత నల్ల గుర్తు గీసి 14.6 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. గుళ్లు ఒకచోట గుమికూడేలా బిగువైన చోక్ పెట్టాలి. తుపాకీని కింద పట్టుకుని గుర్తునే చూస్తూ, దాన్ని బుగ్గకు చేర్చిన వెంటనే కాల్చాలి. పూసను సరిచూసుకోకూడదు. సరిచూసుకుంటే మెడ వంచి తప్పును దిద్దేస్తాం, కాగితం అబద్ధం చెబుతుంది. అదే కాగితం మీద ఇలా అయిదుసార్లు కాలిస్తే మధ్యలో చిరిగిన పెద్ద రంధ్రం కనిపిస్తుంది. అది ఉండాల్సిన చోటు కన్నా 80 మిల్లీమీటర్లు పైనుంటే, 80ని పదహారుతో భాగించి బుగ్గ ఆనే స్టాక్ అంచును 5 మిల్లీమీటర్లు దించాలి. కుడిచేతి షూటర్‌కు ఎడమవైపు పడితే స్టాక్‌ను కుడికి జరపాలి.

ఆ ‘ఉండాల్సిన చోటు’ ఆటను బట్టి మారుతుంది. ట్రాప్‌లో పళ్లెం పైకి లేస్తూ పోతుంది కనుక గుళ్లలో 60 నుంచి 70 శాతం గుర్తుకు పైన పడేలా అమర్చుకుంటారు. అప్పుడు పళ్లెం గొట్టం చాటున దాగకుండా కనిపిస్తుంది. స్కీట్‌కు సగం పైన, సగం కింద ఉంటే చాలు.

కేంద్రం కుదిరాకే చోక్ సంగతి. ఫుల్ చోక్ (బాగా బిగువైనది) అంటే 36.6 మీటర్ల దగ్గర 76 సెంటీమీటర్ల వలయంలో 70 శాతం గుళ్లు పడాలన్నది పాత కొలమానం. స్కీట్ ఆడేవారికి అంత దూరంతో పని లేదు, 20 మీటర్ల దగ్గర చూసుకోవాలి. 24 గ్రాముల్లో రెండు మిల్లీమీటర్ల గుళ్లు సుమారు 500 ఉంటాయి. అవి 75 సెంటీమీటర్ల వలయంలో సమంగా పరుచుకుంటే, పక్క నుంచి సన్నగా కనిపించే పళ్లెం మీద సగటున మూడు పడతాయి. చోక్ బిగిస్తే ఆ సంఖ్య పెరుగుతుంది కానీ వలయం చిన్నదై, కొద్దిపాటి గురి తప్పుకే మొత్తం పక్కకు పోతుంది.

కాగితం చెప్పలేనిదీ ఒకటుంది. అమెరికన్ స్కీట్‌లో సెకనుకు 20 మీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే పళ్లేన్ని 19 మీటర్ల దూరం నుంచి కొట్టాలంటే గుళ్లు చేరే 0.055 సెకన్లలో అది మీటరుకు పైగా జరుగుతుంది. ఆ ముందుచూపు సాధనతోనే వస్తుంది. గొట్టం కదులుతుండగానే కాల్చాలి, చూపు పూస మీదకు వస్తే చేయి ఆగిపోతుంది. కొలత కుదిరిన తుపాకీతో మాత్రమే పూసను పూర్తిగా మరిచిపోగలం.

కొలత ఒకసారి కుదిరితే ఎప్పటికీ అంతే ఉండదు. హైదరాబాద్‌లో పలుచని చొక్కా మీద సరిచూసుకున్న తుపాకీని జనవరిలో ఢిల్లీ రేంజ్‌లో మందపాటి జాకెట్ మీద ఎత్తితే, స్టాక్ పొడుగైనట్టవుతుంది, బుగ్గ వెనక్కి జరిగి కన్ను కిందికి దిగుతుంది, గుళ్లు కిందపడతాయి. అక్కడికి చేరగానే మొదటి రౌండుకు ముందు మరో అయిదు తూటాలు కాగితం మీద కాల్చాలి.