సంతకం పెడితే ఊరు పోయినట్టేనా?

పోయిన వారం పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్. "ప్రజాభిప్రాయ సేకరణ సభలో అటెండెన్స్‌లో సంతకం పెడితే క్వారీకి ఒప్పుకున్నట్టేనంట గదా నాయనా? ఊరంతా ఆ సభకు పోకూడదనుకున్నాం." చిత్తూరులో కూర్చుని ఊళ్లవాళ్లకు అభ్యంతరాలు రాసిపెట్టడమే నా పని. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: ఊరు బహిష్కరిస్తే ప్రజాభిప్రాయ సేకరణ చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది! 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం దానికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. షామియానా కింద పదిమంది ఉన్నా చాలు. ఆ పదిమంది ఎవరో మీకూ తెలుసు, కంపెనీకి టిప్పర్లు తిప్పేవాళ్లు. వాళ్లు మాట్లాడిందే వీడియోలో ఉంటుంది, మినిట్స్‌కు, అంటే సభ రికార్డుకు, ఎక్కుతుంది. సంతకం మీరు వచ్చారనడానికే, ఒప్పుకున్నారనడానికి కాదు. ఈ పుకారు ఎవరు పుట్టిస్తారోగానీ, లాభం మాత్రం కంపెనీకే.

నేనూ ఒకప్పుడు ఈ తప్పు చేశాను. కుప్పం దగ్గర ఒక ఊళ్లో అందరం బయట చింతచెట్టు కింద కూర్చుని గొంతులు పోయేలా నినాదాలిచ్చాం. లోపల అరగంటలో సభ అయిపోయింది. తర్వాత మినిట్స్ తీసి చూస్తే మా బోర్ల మాట గానీ, దుమ్ము మాట గానీ ఒక్క ముక్క లేదు. ఆ ఊరికి పోవాలంటే నాకిప్పటికీ మొహం చెల్లదు.

మైకు ముందు టెన్షన్ అయితే కాగితం మీద రాసి పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. భోజనం పొట్లాలు రాగానే లేచిపోకండి.

అపోహ: ఈఐఏ రిపోర్టు ప్రభుత్వం రాస్తుంది.

వాస్తవం: కంపెనీ ఫీజు ఇచ్చి పెట్టుకున్న కన్సల్టెన్సీ రాస్తుంది. కంపెనీ పలుకుబడి అంటే లంచాల సూట్‌కేసులే అనుకుంటాం గానీ, అది మొదలయ్యేది ఇక్కడే. మన కరువు మండలం రిపోర్టులో ఒకసారి సముద్రపు ఆటుపోట్ల గురించి రెండు పేరాలు చదివాను. ఎక్కడి నుంచి ఎత్తి అతికించారో!

ఇక మిగతావి. ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగ్ కాదు, చేతులెత్తితే క్వారీ ఆగదు. ఎన్జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు) ఎప్పుడైనా పోవచ్చనుకోకండి. క్వారీకిచ్చిన పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60. అంతే.

"రాసిస్తే కంపెనీవాళ్లకు నా పేరు తెలుస్తుంది గదా?" అన్నాడు పెద్దాయన. తెలుస్తుంది. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఒక్కడివే రాయొద్దు, వీధంతా రాయండి అన్నాను. ఆదివారం ఎండిన బోర్ల ఫొటోలతో నలుగురిని వెంటబెట్టుకుని వస్తానన్నాడు.