జపనీస్ చీజ్‌కేక్: లేపడం తేలికే, నిలబెట్టడమే కష్టం

జపనీస్ చీజ్‌కేక్‌లో మామూలుగా బేకింగ్ పౌడర్ వెయ్యరు, ఈస్ట్ మాట అసలే లేదు. అయినా ఓవెన్‌లోంచి తీసిన టిన్నుని కాస్త కదిపితే చాలు, కేకంతా ఒక్కసారిగా ఊగుతుంది, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. ఇంట్లో చేసేవాళ్లు మాత్రం దీని పేరెత్తితేనే టెన్షన్ పడతారు. వాళ్ల బాధ పొంగలేదని కాదు. ఓవెన్‌లో ఉన్నంతసేపూ దాదాపు అందరి కేకూ బ్రహ్మాండంగా పొంగుతుంది, బయటికి తీసిన కాసేపటికే నడుం పడిపోయి, ముడతలు పడి, సగానికి దిగిపోతుంది. అంటే దీన్ని లేపడం పెద్ద విద్యేం కాదు, లేచినదాన్ని నిలబెట్టడమే అసలు పని.

దిట్టంగా ఉండే న్యూయార్క్ తరహా చీజ్‌కేక్‌లో సరుకంతా చీజే, గుడ్లు దాన్ని పట్టి ఉంచడానికి మాత్రమే. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఇంట్లో చేసే కొలతల్లో 250 గ్రాముల క్రీమ్ చీజ్‌కి 6 గుడ్ల దాకా పడతాయి, మైదా, కార్న్‌ఫ్లోర్ రెండూ కలిపితే 80 గ్రాముల వరకు సరిపోతాయి. చీజ్, వెన్న, పాలు సన్నటి వేడిమీద కరిగించి, కాస్త చల్లారాక పచ్చసొనలు, జల్లించిన పిండి కలిపితే సగం పని అయినట్టే. దాని గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, ఉండలు లేకపోతే చాలు. కథంతా రెండో గిన్నెలో, తెల్లసొన దగ్గర ఉంది.

తెల్లసొనలో దాదాపు 90 శాతం నీళ్లే, మిగతాది చాలావరకు ప్రోటీన్లు. ఈ ప్రోటీన్లు మామూలుగా ముడుచుకుని ఉంటాయి. బీటర్ తిరిగేకొద్దీ లోపలికి గాలి బుడగలు వస్తాయి, ఆ బుడగల అంచు మీద ప్రోటీన్లు విచ్చుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, బుడగ చుట్టూ పల్చటి పొర కడతాయి. కొవ్వు ఉందంటే అదే అంచు కోసం పోటీకొస్తుంది, పొర సరిగా కట్టనివ్వదు. గిన్నెకి జిడ్డు ఉండకూడదు, పచ్చసొన చుక్క కూడా పడకూడదు అనేది అందుకే. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ప్రోటీన్లు మరీ గట్టిగా పెనవేసుకుపోవు, నురగ విరగకుండా ఎక్కువసేపు ఆగుతుంది. చక్కెరకి మాత్రం వేళ చూసుకోవాలి. మొత్తం ముందే పోస్తే నురగ లేవడానికి చాలాసేపు పడుతుంది, అసలు వెయ్యకపోతే నురగలోని నీరు త్వరగా కిందికి జారిపోతుంది. అందుకని నురగ కాస్త లేచాక మూడు నాలుగు విడతలుగా వేస్తారు.

ఎంతసేపు కొట్టాలనే దగ్గరే చాలా రెసిపీలతో నాకు పేచీ. గిన్నె బోర్లించినా కదలనంత గట్టిగా కొట్టమని రాస్తారు. తెల్లసొన, చక్కెర నురగని కరకరలాడేలా ఎండబెట్టి చేసే మెరాంగ్‌కి అది సరే, దీనికి వద్దు. బీటర్ పైకి ఎత్తినప్పుడు నురగ కొన పక్షి ముక్కులా కిందికి వంగాలి, మెరుపు పోకూడదు. అంతకుమించి కొడితే బుడగ పొర సాగాల్సినంతా గిన్నెలోనే సాగిపోయి ఉంటుంది, ఓవెన్‌లో ఇంకా సాగమంటే తెగుతుంది. పైగా గట్టి నురగ చీజ్ మిశ్రమంలో తేలిగ్గా కలవదు, తెల్లటి ఉండలుగా మిగిలిపోతుంది, వాటిని కలపబోయి ఇంకాస్త తిప్పేసరికి ఉన్న బుడగలూ పోతాయి. ముందు మూడోవంతు నురగ వేసి చీజ్ మిశ్రమాన్ని పల్చన చేసుకుని, మిగతాది అడుగునుంచి పైకి మడతపెడుతూ కలపాలి.

ఓవెన్‌లోకి వెళ్లాక లెక్క మారుతుంది. 25 డిగ్రీల దగ్గరున్న గాలిని 85 డిగ్రీలకి వేడిచేస్తే, ఛార్లెస్ సూత్రం ప్రకారం దాని పరిమాణం పెరిగేది 20 శాతమే. కేక్ అంతకంటే ఎక్కువే లేస్తుంది, ఆ మిగతా పొంగు బుడగల్లోకి చేరే నీటి ఆవిరిది. ఆవిరి చల్లబడితే మళ్లీ నీరైపోతుంది కాబట్టి, ఈలోగా బుడగల గోడలు గట్టిపడకపోతే కేక్‌ని నిలబెట్టేదేమీ ఉండదు. తెల్లసొనలోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలెడుతుంది, కానీ మొత్తం ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ 80 డిగ్రీల దాకా లొంగదు, చక్కెర ఉంటే ఇంకాస్త ఆలస్యం. ఈ మధ్యలో పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బి కొంత సాయం చేస్తుంది. పైన బంగారు రంగు వచ్చిందని తీసేస్తే, నడిమధ్యన ఓవాల్బుమిన్ ఇంకా గట్టిపడకుండానే ఉండొచ్చు. కూలిపోయే కేకుల్లో చాలావాటి సంగతి ఇదే. రంగు ముందే వచ్చేస్తే పైన ఫాయిల్ కప్పండి, టైమ్ మాత్రం తగ్గించకండి.

పోనీ వేడి పెంచితే త్వరగా ఉడుకుతుంది కదా అంటే, అంచులు, పైపొర ముందే బిగుసుకుపోతాయి, లోపలిది తర్వాత పొంగుతూ ఆ పైపొరని చీల్చుకుని వస్తుంది. టిన్నుని వేడినీళ్ల ట్రేలో పెట్టేది ఇందుకే. ఓవెన్ 150 డిగ్రీల మీదున్నా ఆ నీళ్లు 100 దాటలేవు, నిజానికి ఆవిరవుతూ వేడి పోగొట్టుకుంటాయి కాబట్టి 100 దాకా రావడం కూడా కష్టమే. లేచే తేమ వల్ల కేక్ పైభాగం త్వరగా ఎండిపోదు, సాగే గుణం నిలుస్తుంది. అడుగు ఊడే టిన్ను అయితే బయట రెండు పొరల ఫాయిల్ చుట్టండి, లేకపోతే కేక్ అడుగు నీళ్లోడుతుంది.

ఉడికాక ఓవెన్ ఆపేసి, తలుపు కాస్త తెరిచి, కేక్‌ని కొంతసేపు లోపలే ఉంచాలి. ఒక్కసారిగా చల్లగాలికి తెస్తే బుడగల్లోని ఆవిరి నీరై లోపలి ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి గోడల్ని లోపలికి నొక్కేస్తుంది. నెమ్మదిగా చల్లారితే సన్నటి సందుల్లోంచి గాలి లోపలికి చేరడానికి వ్యవధి దొరుకుతుంది. ఎంత జాగ్రత్త పడ్డా కొంచెం దిగుతుంది, అది చేసినవాళ్ల తప్పు కాదు.

ఆ ఊపు కూడా వేడి ఉన్నంతసేపే. ఒసాకాలోని రికురో ఒజిసాన్ దుకాణాల్లో కొత్త వాయి ఓవెన్‌లోంచి దిగగానే గంట కొట్టి మరీ చెబుతారు, జనం వేడివేడిగా పట్టుకెళ్తారు. చల్లారాక చీజ్‌లో, వెన్నలో ఉన్న పాలకొవ్వు గడ్డకట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచిన కేక్ బరువెక్కినట్టు అనిపిస్తుంది. అలాగని అది చెడిపోయినట్టు కాదు. వేడిమీద గుడ్డు వాసనే ముందు తగులుతుంది, చీజ్ పులుపు బాగా తెలిసేది మర్నాడే. నన్నడిగితే సగం అప్పటికప్పుడు తినేసి, సగం ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు.